కబూస్వే ఉన్నాడు

సాంపాను సాంపా అని పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. కన్నతల్లి ఆమెను 'తమ్ముడూ' అంటుంది. మేనమామ భార్య డొరికా 'మొగుడా' అంటుంది. సంతలో ఎండుచేపలమ్మే ముసలమ్మ 'కబూస్వే నాయనా, ఇటు రా, ఈ చేప వాసన చూడు' అంటుంది. నలభై దాటిన ఆడమనిషి, చెవులకు పూసల లోలకులు, నడుముకు పూల చిటెంగే గుడ్డ, ఆ గుడ్డ మీద మగవాడి తోలు నడికట్టు బిగించుకుని 'వాసనకేం గానీ, ఎంతకిస్తావ్' అని బేరం మొదలుపెడుతుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇది చూసి నవ్వు ఆపుకోలేరు. లువాంగ్వా నది ఒడ్డున మా బీసా తెగ ఊళ్ళల్లో మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

మనిషి పోతే పోనీ గానీ పేరును మట్టిలో వదిలేయడం మా దగ్గర లేదు. తల్లివైపు రక్తంలో ఒకరిని చాప మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, పోయినవాడి నడికట్టు కట్టి పేరు దింపుతారు. ఆ పూట నుంచి ఆ మనిషే ఈ మనిషి. అతని పెళ్ళాం ఇతనికి పెళ్ళాం వరస, అతని పగలూ పంతాలూ ఇతనివి, అతను ఎవరికైనా మాటిచ్చి ఉంటే అది తీర్చాల్సింది ఇతనే. ఇంకొకటి ఉంది. పేరు దిగాక 'కబూస్వే పోయాడు' అనే మాట ఎవరి నోటా రాకూడదు. అంటే, పేరు మోస్తున్నవాళ్ళ మీద మన్ను పోసినట్టే. ఎంత తాగిన మనిషైనా ఆ ఒక్క మాట దగ్గర నాలుక కరుచుకుంటాడు.

కబూస్వేకు అన్నదమ్ములు లేరు. ఉన్న ఒక్క అక్కకు సాంపా ఒక్కతే. మగవాడి నడికట్టు ఆడదాని నడుముకా అని పెద్దలు గొణిగారు. సాంపా తల్లి ఊరుకోలేదు.

"నా చేలో పండింది ఇదొక్కటే. పండినదాన్నే కోసుకోవాలి. మీ దగ్గర మగ పంట ఉంటే తెచ్చి చాప మీద కూర్చోబెట్టండి, చూస్తాను" అంది. తేవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

అయితే పెద్దల అసలు భయం ఆడా మగా గురించి కాదు. కబూస్వే శవం దొరకలేదు. అడవిలో సందర్శకులను కాలినడకన తిప్పే మనిషి అతను. అడవిదున్న ఒకసారి పడగొట్టిన దగ్గర్నుంచి ఎడమ కాలు ఈడ్చి నడిచేవాడు. అయినా అతని వెనక నడవడం కోసమే మనుషులు మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, సీజను తెరవకముందే దారులు చూసొస్తానని ఒక మధ్యాహ్నం నది దాటాడు. మళ్ళీ రాలేదు. టోపీ మాత్రం నీటి అంచున రెల్లుగడ్డిలో దొరికింది. నది పొడుగునా డప్పులు కొట్టుకుంటూ, పేరు పెట్టి కేకలేసుకుంటూ ఊరంతా వెతికింది. చివరికి మొసలి అన్నారు. టోపీ నీటి దగ్గర దొరికితే ఇంకేం అంటారు?

"మనిషిని పూడ్చకుండా పేరు దింపడమేమిటి? పునాది తియ్యకుండా కప్పు వేసినట్టు" అంది డొరికా. అయినా పేరు దింపేశారు. ఆమె మెడలో విధవకు కట్టే నల్లదారం అలాగే ఉంది. సమాధి ఉంటేనే ఆ దారం తెంచాలి. మూడు వానాకాలాలు గడిచినా అది మెడలోనే మాసి పీలికైపోయింది.

ఇక సాంపా సంగతి. చిన్నప్పటి నుంచీ ఆమెకు అడవంటే గుండెలో రాయి పడుతుంది. పిల్లలంతా చేపలకు మడుగుకు వెళ్తే ఇంట్లో కూర్చుని మామ చెప్పే కబుర్లు వినేది. సాయంత్రాలు పొయ్యి దగ్గర కూర్చుని మామ ఆ రోజు ఏ దారిన నడిచాడో, గాలి ఎటు మళ్ళిందో, ఏనుగులు ఏ చెట్టు కింద ఆగాయో చెప్పేవాడు. వినీ వినీ అడవంతా ఆమె తలకెక్కింది, కాలు మాత్రం అటు పెట్టలేదు. చిన్సాలిలో కొన్నాళ్ళు కాపురం చేసి, అది చెడి వచ్చాక, నది ఒడ్డున ఉన్న చిన్న క్యాంపులో పనికి కుదిరింది. వచ్చేవాళ్ళ ప్రయాణాలు అల్లడం ఆమె పని. ఏ నెలలో వస్తే గడ్డి తగ్గి జంతువులు కనిపిస్తాయి, ఎన్నాళ్ళుండాలి, ఈగలు మూగకుండా ఒంటి మీద ఏ రంగు బట్ట వేసుకోవాలి, అన్నీ ఫోనులో ఓపిగ్గా చెప్పేది. ఒడ్డున కూర్చుని ఈత నేర్పడమంటే ఇదే. కానీ ఆమె అల్లిన ప్రయాణం వంకర పోయిందని ఎవరూ అనలేదు.

పేరు దిగిన దగ్గర్నుంచి ఒకటి మొదలైంది. పొద్దు గుంకి, నీటిగుర్రాలు నీళ్ళలోంచి కదిలే వేళకు, నది అవతల నుంచి ఒక గొంతు పిలిచేది.

"సాంపా."

ఒక్కసారే. మనిషైతే రెండుసార్లు పిలుస్తాడని, ఒక్కసారి పిలిచేది మనిషి కాదని, దానికి పలికితే తిరిగి రావడం ఉండదని మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సాంపా పలికేది కాదు. చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, పొయ్యిలో పుల్లలు ఎగదోసి, గట్టిగా ఏదో పాట పాడేది. ఊరంతా కబూస్వే అని పిలిచే మనిషిని అవతలి ఒడ్డు ఒక్కటే పాత పేరుతో పిలుస్తోందంటే ఆ గొంతు ఎవరిదో ఆమె అడగక్కర్లేదు. ఎవరికీ చెప్పలేదు. డొరికాకు మాత్రం తెలిసిపోయింది. ఆ వేళకు సాంపా పాట ఎందుకు అందుకుంటుందో ఆమె ఒకనాడు గమనించింది.

ఎండలు ముదరకముందు ఒక ఉదయం ఫోనులో ఒక ముసలి గొంతు.

"ఎవరమ్మా? ప్రయాణాలు చూసే అమ్మాయివా? నేను చిపాటా నుంచి యోబే సోకోని. ఎన్గోనీ మనిషిని. అక్కడ కబూస్వే అని ఒక కోతులు తినే వెధవ ఉండాలి. ఉన్నాడా, చచ్చాడా?"

ఎన్గోనీలకూ మాకూ వేళాకోళపు బంధుత్వం. ముత్తాతల నాటి యుద్ధాలు చల్లారాక మిగిలింది ఈ తిట్లే. వాళ్ళు మమ్మల్ని కోతులు తినేవాళ్ళంటారు, మేం వాళ్ళని ఎలుకలు తినేవాళ్ళంటాం. వాళ్ళేమన్నా మాకు కోపం రాకూడదు, మేమేమన్నా వాళ్ళకు రాకూడదు. మా ఇంట్లో చావైతే వాళ్ళొచ్చి శవం పక్కన నవ్వుతారు, ఏడుస్తున్నవాళ్ళ నోరు మూయిస్తారు, గొయ్యి తవ్వి మట్టి వేస్తారు. వాళ్ళకైతే మేం వెళ్తాం. కాబట్టి సోకో అడిగినదాంట్లో తప్పు లేదు. సమాధానంలోనే చిక్కంతా ఉంది.

చచ్చాడని ఆమె అనకూడదు. ఆ మాట అంటే పోయేది ఆమే. సాంపా తోలు నడికట్టు మీద చెయ్యి వేసుకుని, నిజానికి ఊళ్ళో ఎవరైనా అనే మాటే అంది.

"ఉన్నాడు తాతా."

"బతికే ఉన్నాడూ! వాడు నాకో మాటిచ్చాడు. నన్ను మళ్ళీ చెట్టు కడుపులోకి తీసుకెళ్తానన్నాడు. వస్తున్నానని చెప్పు."

"చెప్పక్కర్లేదు. మీ కోసమే ఎదురు చూస్తున్నాడు" అంది సాంపా. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. వచ్చేవాళ్ళందరితోనూ 'మీ కోసం ఎదురు చూస్తుంటాం' అనడం ఉద్యోగంలో అలవాటే. ఆ అలవాటు నోటికి అడ్డం పడిందనుకుంది.

ఆ తర్వాత తెలిసింది, సోకోకు చూపు లేదని. కుర్రతనంలో రేడియోలో పనిచేసేవాడు. అడవి శబ్దాలు పట్టుకోవడానికి పెట్టె భుజాన వేసుకుని కబూస్వే వెంట తిరిగేవాడు. ఒకరోజు ఏనుగుల గుంపు చుట్టుముడితే ఇద్దరూ ఒక బావొబాబ్ చెట్టు తొర్రలోకి దూరారు. ఏనుగులు బయట ఒళ్ళు రుద్దుకుంటుంటే చెట్టంతా లోపలి నుంచి మూలిగిందట. ఆ మూలుగు సోకో పట్టుకున్నాడు గానీ, టేపు తర్వాత ఎక్కడో పోయింది. ఆ చెట్టు ఎక్కడుందో ఎవరికీ చెప్పవద్దని, చెబితే జనం ఎగబడతారని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

"కళ్ళున్నోళ్ళకి వేసే సఫారీ నాకొద్దమ్మా. సింహాన్ని చూపిస్తానంటే నేనేం చేసుకోను? చెవులకి వెయ్యి" అన్నాడు సోకో.

ఆ రాత్రి అన్నం సహించక సాంపా డొరికా ముందు కూర్చుంది. మాట తిప్పకుండా చెప్పేసింది. చూపులేని ముసలివాడు లేని మనిషిని నమ్ముకుని అడవిలోకి వస్తున్నాడు. నిజం చెబితే పేరు చచ్చిపోతుంది, పేరుతో పాటు తనూ. చెప్పకపోతే అతన్ని నడిపించాల్సింది తను, మడుగుకు కూడా వెళ్ళని తను. అతనికేమైనా అయితే?

డొరికా మొక్కజొన్న పిండితో వండిన ఉబ్వాలి ముద్ద చేతిలో నలుపుతూ విన్నది.

"నడికట్టు కట్టించుకున్నప్పుడు బరువు అనలేదే మొగుడా? పేరు తీసుకున్నావు, మాటా నీదే. నడిపించు."

"నాకు భయం అత్తా."

"అత్త అనకు. నీకు పెళ్ళాన్ని" అంది డొరికా. తర్వాత గొంతు తగ్గించింది. "నాకూ భయమే. ఇన్నాళ్ళూ లేనిది ఆ ముసలాడు ఇప్పుడే ఆయన్ని అడుగుతూ ఎందుకొస్తున్నట్టు? అవతల నుంచి పిలిచేది నిన్నొక్కదాన్నే అనుకుంటున్నావేమో."



సాంపా ప్రయాణం అల్లడం మొదలుపెట్టింది. ఎన్నో ప్రయాణాలు అల్లింది గానీ ఇలాంటిది ఎప్పుడూ అల్లలేదు. నది బాగా సన్నబడే నెల కావాలి, అప్పుడే జీపు ఇసుక మీదుగా అవతలికి దాటుతుంది. ఎర్ర పసిరిక పిట్టలు ఒడ్డు బొరియల్లో గూళ్ళు పెట్టే రోజులైతే మేలు, వాటి గోల విని ఒడ్డెక్కడుందో ముసలాయన పట్టుకోగలడు. నల్లమట్టి నేలల జోలికి పోకూడదు. వానల్లో ఏనుగులు దిగబడిన అడుగులు ఎండలకు రాయిలా గట్టిపడి ఉంటాయి, కళ్ళున్నవాళ్ళే వాటిల్లో కాళ్ళు విరగ్గొట్టుకుంటారు. ఇసుక దారి కావాలి. పొద్దున్నే గాలి తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి పడమటి నుంచి వెళ్ళాలి. ఇవన్నీ మామ పొయ్యి దగ్గర చెప్పినవే. ఆమెకు వచ్చు.

రానివి కూడా నోట్లోంచి వచ్చేవి, అదే ఆమెను హడలగొట్టింది. సోకో ఫోను చేసినప్పుడల్లా ఒక పరీక్ష పెట్టేవాడు.

"వాణ్ని అడుగు, చెట్టులో కూర్చున్నప్పుడు మేం ఏం తిన్నామో."

'అడిగి చెప్తాను' అందామని సాంపా నోరు తెరిచింది. "తినడానికేముంది? నీ జేబుకి చిల్లు. వేరుశనక్కాయలన్నీ దారి పొడుగునా రాలిపోయాయి, ఆ దారి పట్టుకునే బబూన్ కోతులు వెనకాల వచ్చాయి" అంది.

అవతల ముసలాయన పడీ పడీ నవ్వాడు. "వాడు పక్కనే ఉన్నాడన్నమాట! ఫోనియ్యి వాడికి!"

"ఇప్పుడు మాట్లాడడు" అని పెట్టేసింది. ఈ వేరుశనక్కాయల సంగతి మామ ఎప్పుడు చెప్పాడా అని తెల్లవార్లూ గుర్తు చేసుకుంది. ఎంత వెతికినా ఆ సాయంత్రం దొరకలేదు.

ఇంకోసారి సోకో చావుల సంగతి ఎత్తాడు. "మా ఇద్దరికీ ఒక పందెం ఉందమ్మాయ్. ఎవడు ముందు పోతే రెండోవాడు పూడ్చాలి. అదీ తిట్టుకుంటూ. కన్నీటిబొట్టు రాలిస్తే ఓడిపోయినట్టు. ఆ కుంటాడితో చెప్పు, నేను గొడ్డలిలా ఉన్నాను, ముందు వాడే."

సాంపా ప్రయాణం తేదీల మీదికి మాట మళ్ళించింది.

క్యాంపులో తుపాకీ పట్టుకుని ముందు నడిచే గార్డు చిబేసా. మనిషి మంచివాడే, కానీ చచ్చేంత జాగ్రత్త. ఆ చెట్టు మాట వినగానే తల అడ్డంగా ఊపాడు.

"అవతల, పాత మడుగు దాటాకా? అటు మేం ఎవర్నీ తీసుకెళ్ళం కబూస్వే. దున్నలుంటాయి. ఆ చెట్టేదో నేనెప్పుడూ చూళ్ళేదు. నువ్వు చూశావా?"

"చూశాను" అంది సాంపా. తర్వాత నాలుక కరుచుకుంది. ఆమె నది దాటి ఎరగదు.

చిబేసా ఆమె నడుము వైపు, ఆ తోలు పట్టీ వైపు కాసేపు చూశాడు. జీపుకు టైర్లు చూసుకుంటానని లేచి వెళ్ళిపోయాడు.

సోకో వచ్చిన రోజు సాయంత్రం క్యాంపు ముంగిట దిగాడు. ఎత్తైన మనిషి, తెల్లటి గడ్డం, కోటు. చేతికర్రతో నేలను తట్టి, గాలి వాసన పీల్చి, నది ఎటుందో తానే తిరిగాడు.

"ఏడీ వాడు? నేనొస్తే ఎదురు రావడానికి కూడా కాలు లేవట్లేదా?"

సాంపా ఎదురెళ్ళింది. "నేనే" అంది.

ముసలాయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కానీ దాని వెనక ఎవరో దీపం ఊదేసినట్టైంది. చెయ్యి చాచాడు. సాంపా భుజం తగిలింది, చెవి లోలకు తగిలింది. చెయ్యి కిందికి దిగి నడికట్టు మీద ఆగింది. ఆ పట్టీకి ఒకచోట కాలిన మచ్చ ఉంది. బొటనవేలితో ఆ మచ్చను తడిమాడు. ఎన్గోనీ అయితేనేం, ఒక వయసంతా మా మధ్య తిరిగిన మనిషి. పేరు దింపడమంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

"చెప్పకూడదు."

"అవును. అడక్కూడదు." గొంతు సవరించుకున్నాడు. తర్వాత క్యాంపంతా దద్దరిల్లేలా అరిచాడు. "ఒరేయ్ కోతి తినేవాడా! చెవులకు లోలకులు పెట్టావా! చిటెంగే కట్టావా! నేను నాలుగేళ్ళు రాకపోతే ఆడదానివైపోతావా?"

వంటింట్లో మనుషులు ఘొల్లున నవ్వారు. సాంపాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఎలుకల మొగుడా, నువ్వు మాత్రం గుడ్డోడివి కాలేదూ?" అంది. ఆ గొంతులో తన గొంతు ఎంతో, మరొకరిది ఎంతో ఆమెకు తెలియలేదు.

"రేపు నడుద్దాం" అన్నాడు సోకో నెమ్మదిగా. "మాట మాటే."

తెల్లవారుతూనే దాటారు. జీపు ఇసుకలో ఆపి, ముందు చిబేసా తుపాకీతో, వెనక సాంపా, ఆమె వెనక ఒక కర్ర చివర పట్టుకుని సోకో. రెండో చివర సాంపా చేతిలో ఉంది. నడిచేటప్పుడు మాటలు లేవు, అది అడవి నియమం. సాంపాకు ప్రతి పొద వెనకా ఏదో ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది. ముసలాయన వీటిని పట్టించుకోకుండా తల ఓరగా పెట్టి వింటూ, అప్పుడప్పుడు కర్రను చిన్నగా లాగి తనకు వినిపించినదాని వైపు గడ్డం చూపేవాడు. చేపల గద్ద. దూరంగా కోతుల హెచ్చరిక. ఎండిన ఆకుల మీద జింకల గిట్టలు. అతని ముఖం చంటిపిల్లాడి ముఖంలా విప్పారింది.

పాత మడుగు దాటారు. అక్కడ దారి రెండుగా చీలింది. రెండూ ఏనుగులు తొక్కిన దారులే. చిబేసా ఆగి వెనక్కి చూశాడు, ఎటు అని కళ్ళతో అడిగాడు. ఇన్నాళ్ళూ అడక్కుండానే నోట్లోంచి ఊడిపడిన మాటలు ఇప్పుడు అవసరానికి ఒక్కటీ రాలేదు. సాంపా తిరిగి వెళ్ళిపోదామని చెయ్యి ఊపబోయింది.

"ఎందుకు ఆగారు?" అన్నాడు సోకో గుసగుసగా. "వాడు వెళ్ళిపోతున్నాడుగా."

"ఎవరు?"

"ముందు. ఎడమ కాలు ఈడుస్తూ."

చిబేసా కదలకుండా నిలబడి ఉన్నాడు. ముందు ఎవరూ లేరు. సాంపా చెవి ఒగ్గింది. వినిపించింది. ఇసుకలో ఒక అడుగు, వెనకే ఒక ఈడ్పు. అడుగు, ఈడ్పు. ఎడమ దారిలో, పొదల మలుపు దగ్గర. చిన్నప్పుడు పొద్దుగూకే వేళ ఇంటి వాకిట్లో ఆ చప్పుడు వినపడగానే కంచాలు కడిగేది ఆమె.

సోకో కర్ర వదిలేశాడు. అరవడానికి లేదు. చూపులేని మనిషి తడుముకోకుండా, కొమ్మ అడ్డమొస్తే తల వంచుకుంటూ, ఎడమ దారిలో నడిచిపోతున్నాడు. చిబేసా తుపాకీ ఎత్తి పరిగెత్తాడు. సాంపా అక్కడే ఉండిపోయింది. వెనక మడుగు, ముందు ఆ చప్పుడు, మధ్యలో ఆమె ఒక్కతే.

"సాంపా."

పట్టపగలు, చెట్ల మధ్య నుంచి. ఆమె చేతులు చెవుల దగ్గరకు వెళ్ళాయి.

"సాంపా."

రెండోసారి. మూడేళ్ళలో ఎప్పుడూ రెండోసారి పిలవలేదు. ఆమె చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. 'ఆఁ, వస్తున్నా' అంది పైకే, మామ పిలిస్తే ఎప్పుడూ అన్నట్టే. అని పరిగెత్తింది.

బావొబాబ్ చెట్టు పొదలన్నిటి మధ్యా ఒంటరిగా, బూడిదరంగులో, ఒక ఇల్లంత మందాన నిలబడి ఉంది. మనిషి ఛాతీ ఎత్తున ఒక తొర్ర. గాలి ఆ నోటి మీదుగా వీచినప్పుడల్లా చెట్టు సన్నగా ఊళ పెడుతోంది. సోకో చెట్టుకు రెండు చేతులూ చాచి, చెవి ఆనించి నిలబడ్డాడు.

"ఇక్కడే" అన్నాడు. "లోపలున్నాడు."

చిబేసా టార్చి వేసి తొర్రలోకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. వెనక్కి తిరిగినప్పుడు అతని ముఖం బూడిదైపోయింది. తుపాకీ చెట్టుకు ఆనించి, టోపీ తీసేశాడు.

తొర్ర లోపల నేల బయటి నేల కంటే లోతు, బావిలాగా. అడుగున ఎముకలు, ఒక నీళ్ళ సీసా, రెండు బూట్లు. ఎడమ బూటు ముందుభాగం ఈడ్చి ఈడ్చి అరిగిపోయి ఉంది. ఒక కాలి ఎముక మధ్యలో విరిగి ఉంది. ఏం జరిగిందో చిబేసా చెప్పక్కర్లేకుండానే తెలిసింది. ఏదో తరిమింది, దున్నే కావచ్చు. పాత చోటు గుర్తొచ్చి లోపలికి దూకాడు. కాలు విరిగింది. పైకి రాలేకపోయాడు. టోపీని గాలి తీసుకెళ్ళి నది దగ్గర పడేసింది. ఊరంతా టోపీ దొరికిన చోటే వెతికింది.

"మేం నది ఒడ్డునే డప్పులు కొట్టాం" అంది సాంపా. "ఇక్కడికి ఆ డప్పులు వినపడతాయా తాతా?"

సోకో చెట్టు మీంచి చెవి తీయలేదు.

"వినపడతాయి" అన్నాడు.

సాంపా నేల మీద కూలబడింది. ఏడుపు గొంతులోంచి తన్నుకొచ్చేలోపే ముసలాయన అరచేత్తో ఆమె భుజం మీద ఒక్కటి వేశాడు.

"నోరు ముయ్యి! నేనుండగా ఇక్కడ ఎవడూ ఏడవడానికి వీల్లేదు" అని తొర్రలోకి తల పెట్టాడు. "ఒరేయ్ కుంటి వెధవా! కోతులు తిని తిని చివరికి చెట్టెక్కి కూర్చున్నావా? దిగు! నీకు గొయ్యి తవ్వడానికి గుడ్డోణ్ని ఇంత దూరం నడిపిస్తావా, సిగ్గులేదూ?" చెట్టులోంచి అతని గొంతే పెద్దదై తిరిగొచ్చింది. తిడుతూనే ఉన్నాడు. గడ్డమంతా తడిసిపోయింది గానీ చిబేసా చూడనట్టే నిలబడ్డాడు.

చెప్పాల్సినవాళ్ళకు చెప్పి, మర్నాడు కొత్త చాపలో చుట్టి నది దాటించారు. ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చింది. గొయ్యి తవ్వే గడ్డపార సోకో ఎవరికీ ఇవ్వలేదు. తడుముకుంటూ తానే తవ్వి, ఊపిరి ఆడనప్పుడు మాత్రం చిబేసాకిచ్చి, ఆ ఖాళీలో తిట్లు అందుకున్నాడు. ఏడవబోయిన ప్రతి ముసలమ్మను పేరుపేరునా వెక్కిరించాడు. మట్టి పూర్తయ్యాక డొరికాను పిలిచి, మెడలో ఆ మాసిన దారాన్ని వెతుక్కుని పళ్ళతో కొరికి తెంచాడు. డొరికా మెడ తడుముకుని, ఇంత తేలిగ్గా ఉంటుందని మరిచిపోయానంది.

వెళ్ళేముందు సోకో జీపు పక్కన సాంపా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉన్నాడని చెప్పావు. ఎదురు చూస్తున్నాడనీ చెప్పావు. నేను నమ్మాను."

"నాకు తెలియదు తాతా. ఒట్టు."

"తెలియకపోతేనేం, నిజమేగా" అన్నాడు. పందెం మాత్రం ఎవరు గెలిచారో చెప్పలేదు.

ఆ సాయంత్రం పొద్దు గుంకింది. నీటిగుర్రాలు కదిలాయి. సాంపా పొయ్యి దగ్గర నుంచి లేచి నది అంచుకు వెళ్ళింది. అలవాటుగా చేతులు చెవుల వైపు వెళ్ళబోతే దించేసుకుంది. అవతలి ఒడ్డు చీకటిపడే దాకా నిలబడింది. ఎవరూ పిలవలేదు. రేపూ పిలవరు. పిలుపు ఆగాలనే కదా ఇన్నాళ్ళూ కోరుకుంది, ఆగింది. ఆగాక గానీ ఆమెకు తట్టలేదు. తల్లికి తమ్ముడు, డొరికాకు మొగుడు, ఊరికి కబూస్వే. ఆమెను సాంపా అని పిలిచే గొంతు లోకంలో అదొక్కటే ఉండేది. మూడేళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని దాన్ని విననే లేదు.

"మామా" అని పిలిచింది. ఆగి, మనిషి పిలిచినట్టే రెండోసారీ పిలిచింది.

వెనక ఇంట్లోంచి డొరికా కేకేసింది, "మొగుడా, ఉబ్వాలి చల్లారిపోతోంది, రా" అని. సాంపా కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెంసేపు అక్కడే నిలబడింది.